యాభై ఒకటో నిమిషం

ముందు వార్త చెప్పేస్తాను, లేకపోతే మిగతాది రాయడానికి చెయ్యి కుదురుగా ఉండేలా లేదు. నేను బి.ఏ. పాసయ్యాను. యాభై తొమ్మిదేళ్ళ వయసులో, ఇంగ్లీషు పేపరు మూడోసారి రాసి, నలభై ఒక్క మార్కులతో. మా అమ్మ కొల్లేటి చేపలు గంపకెత్తుకుని కైకలూరులో వీధి వీధీ తిరిగి అమ్మిన మనిషి. మా నాన్న సంతకం చెయ్యాల్సి వస్తే వేలు ముందుకు చాపేవాడు. మా ఇంట్లో డిగ్రీ అనే మాట ఎవరికైనా జ్వరం వచ్చినప్పుడే వినపడేది. రిజల్టు వచ్చి పది రోజులైంది. నేను చెప్పని మనిషి పటమటలో మిగల్లేదు. పాలాయనకి రెండుసార్లు చెప్పాను. రెండోసారి ఆయన "నిన్న చెప్పారు కదండీ" అన్నాడు గానీ, మంచివాడు, మళ్ళీ మొత్తం విన్నాడు.

ఈ ఊపులో ఉండగా మా స్టడీ సెంటరువాళ్ళకి దొరికిపోయాను. కొత్తగా చేరే పిల్లల కోసం చిన్న పుస్తకం వేస్తున్నారట. ఉద్యోగంలో మరిచిపోలేని అనుభవం ఒకటి రాసివ్వమన్నారు. స్ఫూర్తినిచ్చేలా ఉండాలని కూడా అన్నారు. పిల్లలూ, నేను ఇరవై రెండేళ్ళు రికార్డింగ్ స్టూడియోలో పని చేశాను. స్ఫూర్తినిచ్చేది ఎంత వెతికినా దొరకలేదు. దొరికింది ఒక తప్పు, దాని పక్కనే ఒక అబద్ధం. తప్పు ఇద్దరం కలిసి చేశాం. అబద్ధం మాత్రం పూర్తిగా నాదే.

స్టూడియో అనగానే అద్దాల గదులు ఊహించుకోకండి. పటమటలో రెండో సందులో, మేడ మీద రెండు గదులు. ఇల్లుగలాయన గోడకి మేకు కొట్టనివ్వడు కాబట్టి, వీధి చప్పుడు లోపలికి రాకుండా కిటికీకి పాత దూది పరుపు నిలబెట్టి తాళ్ళతో కట్టాం. పరుపు కిటికీ కన్నా జానెడు వెడల్పు తక్కువ. ఆ జానెడు సందులోంచి కాస్త గాలి వచ్చేది, కాస్త వీధి కనపడేది. మేం చేసేవన్నీ ఆటోల్లో వేసే మైకు ప్రకటనలు. చీరల మీద తగ్గింపు, రొయ్యల మేత, ఎన్నికలొస్తే రెండు పార్టీలవీ ఒకే గొంతుతో.

నేను మొదట ఊడవడానికీ టీ పెట్టడానికీ చేరాను. ఆపరేటరు చెప్పాపెట్టకుండా హైదరాబాదు వెళ్ళిపోయిన రోజున, ఏ బటన్ నొక్కితే ఏమవుతుందో తెలిసిన మనిషి ఆ మేడ మీద నేనొక్కదాన్నే అని తేలింది. మా ఓనరు గారికి ఇది అంతగా నచ్చలేదు. కానీ చీరల షాపాయన వచ్చి కూర్చుని ఉన్నాడు. అలా రికార్డిస్టునయ్యాను. నా అసలు పనితనం కత్తిరింపులో ఉండేది. దగ్గు, తుమ్ము, మధ్యలో అరిచిన కాకి, అన్నీ తీసేసి అతుకు తెలియకుండా కలపడం. ఇన్నేళ్ళలో నా అతుకు పట్టుకున్నవాళ్ళు లేరు.

యాభై దాటాక దూరవిద్యలో డిగ్రీకి చేరాను. పుస్తకాలు మిక్సర్ పెట్టిన బల్ల కింద అరలో ఉండేవి. అప్పట్నుంచి ఓనరు గారు నన్ను "మేడం గారూ" అని పిలవడం మొదలుపెట్టారు. టీ కావాల్సినప్పుడు మరీను.

మూడేళ్ళ కిందట ఒకాయన మెట్లెక్కి వచ్చారు. హనుమాన్ జంక్షన్ ఆయన. గుడివాడ నుంచి అవనిగడ్డ దాకా ముప్పై ఏళ్ళుగా లారీ మీద బాక్సులు కట్టి పెళ్ళి ఊరేగింపులకి పాటలు వేసిన డీజే. ఆయన పాటకి ఆడని పెళ్ళికొడుకు మా వైపు ఉండడు. అంత మనిషీ ఇస్త్రీ చొక్కా వేసుకుని, చెప్పులు మెట్ల దగ్గరే విడిచి, సంబంధం అడగడానికి వచ్చినట్టు కుర్చీ అంచున కూర్చున్నారు. పెళ్ళి పాటలు కలపాలా అని ఓనరు గారు అడిగారు.

"కాదండి. డీప్ హౌస్," అన్నారు.

ఓనరు గారు నా వైపు చూశారు. డిగ్రీ చదువుతున్నదాన్ని నేనే కదా. నాకూ తెలియదు. డీజే గారు హెడ్‌ఫోన్ తీసి నా చెవులకి పెట్టారు. కొల్లేట్లో దూరంగా పోయే ఇంజను పడవలా ఒక దెబ్బ. మళ్ళీ అదే దెబ్బ. దాని మీద ఎవరో హార్మోనియం మెట్టు నొక్కిపెట్టి మరిచిపోయినట్టు ఒక స్వరం. ఐదు నిమిషాలు విన్నాను, ఏమీ జరగలేదు. పాట ఎప్పుడు మొదలవుద్దండీ అని అడిగాను.

"అవుతానే ఉందమ్మా."

ఆరో నిమిషానికి నా కాలు నన్నడక్కుండా ఆడుతోంది.

కుర్రతనంలో గోవాలో రెండేళ్ళు వైరింగ్ పని చేశారట. ఈ సంగీతం అక్కడ పట్టుకుంది, మళ్ళీ వదల్లేదు. తిరిగొచ్చి లారీ కట్టారు. కానీ ఊరేగింపులో ఇది వేస్తే పెళ్ళికొడుకు బావమరిది లారీ ఎక్కి వైరు పీకేస్తాడు. అక్కడ ఏ పాటా నిమిషం దాటకూడదు. మధ్యమధ్యలో సైరన్ కొట్టాలి, మైకులో మేనమామల పేర్లు చెప్పాలి. అందుకని ముప్పై ఏళ్ళూ ఆయన తనకిష్టమైనది భోజనాల టైములో వేసుకున్నారు. జనమంతా పంక్తుల్లో కూర్చున్నాక, ఖాళీ రోడ్డుకి. కుక్కలు శ్రద్ధగా వినేవని చెప్పారు.

బెంగుళూరులో ఒక చిన్న మ్యూజిక్ కంపెనీ పాత డీజేల చేత మిక్స్ ఆల్బములు చేయిస్తోంది. ఈయన పంపిన ముక్క వాళ్ళకి నచ్చింది. పద్నాలుగు పాటలు, డెబ్భై నిమిషాలు, ఒకదాంట్లోంచి ఇంకోటి ఎక్కడ మొదలైందో తెలియకుండా కలపాలి. పాటల హక్కులు వాళ్ళే చూసుకుంటారు. షరతు ఒక్కటే. మొదటి నుంచి చివరిదాకా ఒకే ఊపున చెయ్యాలి, తర్వాత ఒక్క కత్తిరింపు కూడా ఉండకూడదు. కత్తిరించలేదని రికార్డిస్టు సంతకం పెట్టాలి. అంటే నా పనితనంతో వాళ్ళకి పనిలేదు, నా సంతకంతోనే పని.

ఆయనకి తొందరుంది. ముప్పై ఏళ్ళు బాక్సుల పక్కన నిలబడి ఎడమ చెవి సగం పోయింది. కుడిది కూడా అదే దారిలో ఉందని డాక్టరు చెప్పేశాడు. "వచ్చే ఏడు చేద్దామంటే నాకు వినపడదమ్మా," అన్నారు, బస్సు టైము చెప్పినంత మామూలుగా.

అబద్ధం ఇక్కడ జరిగింది. సీడీ అట్ట మీద పేర్లు ఎలా వెయ్యాలో కంపెనీవాళ్ళు పంపిన ఫారంలో రాయాలి. మన పెళ్ళి కార్డులు మీకు తెలుసు కదా, పేరు పక్కన డిగ్రీ లేకపోతే ఏదో మరిచిపోయినట్టు కనపడుతుంది. డీజే గారు బతికిందంతా పెళ్ళి కార్డుల మధ్యే. బల్ల కింద నా పుస్తకాలు చూసి, బి.ఏ. కదమ్మా నువ్వు, పేరు పక్కన వేయిద్దాం అన్నారు. తన పేరు పక్కన వెయ్యడానికి ఎటూ ఏమీ లేదట, అట్ట మీద ఒక్క డిగ్రీ అయినా ఉంటే నిండుగా ఉంటుందట. అప్పటికి నేను ఇంగ్లీషు ఒకసారి తప్పి ఉన్నాను. కాదండీ అనడానికి ఒక సెకను చాలు. ఆ సెకనులో నేను టీ వడపోస్తున్నాను. తల ఎత్తేసరికి ఆయన రాసేశారు.

ఇక రికార్డింగు. మొదటిసారి నలభయ్యో నిమిషంలో కరెంటు పోయింది. రెండోసారి ఇరవయ్యో నిమిషంలో ఆయన కుడిచెయ్యి దానంతటది వెళ్ళి సైరన్ నొక్కింది. పూజలో కళ్ళు మూసుకున్న మనిషి మీద బకెట్ నీళ్ళు పోసినట్టయింది. ఆయన చెయ్యి ఎత్తి చూసుకుని, ఇది నా మాట వినదమ్మా అన్నారు. ఆ బటన్ మీద నేను దెబ్బలకి వేసే ప్లాస్టరు అంటించాను. మూడోసారి అంతా బాగా నడుస్తుండగా ఓనరు గారు తలుపు తీసి "మేడం గారూ, టీ" అన్నారు. డీజే గారు ఉలిక్కిపడ్డారు, కలవాల్సిన రెండు పాటలు చెరో దారి పట్టాయి.

నాలుగోసారికి కంపెనీవాళ్ళు పెట్టిన గడువు రోజు వచ్చేసింది. సాయంత్రంలోగా ఫైలు బెంగుళూరు చేరకపోతే ఆల్బముల జాబితాలోంచి ఆయన పేరు తీసేస్తారు. పదకొండు నుంచి ఒంటిగంట దాకా కరెంటు పోదని కరెంటాఫీసులో తెలిసినాయన దగ్గర మాట తీసుకున్నాం. ఓనరు గారిని ఏదో పని చెప్పి బందరు రోడ్డు మీదకి పంపేశాను. స్పీకర్లు ఆపేశాం. ఆయన హెడ్‌ఫోన్లో ఆయన వింటున్నారు. నేను నా హెడ్‌ఫోన్ ఒక చెవికే పెట్టుకుని, మీటర్లు చూస్తూ కూర్చున్నాను.

పిల్లలూ, పని చేతకాని రోజులు నేను చాలా చూశాను. పని తనంతట తాను నడిచే రోజు అదొక్కటే చూశాను. పాట మీద పాట, ఒకటి పోతున్నట్టు తెలియదు, ఇంకోటి వచ్చినట్టు తెలియదు. ముప్పయ్యో నిమిషం దాటింది, నలభై దాటింది. ఫ్యాను చప్పుడు కూడా తాళంలో తిరుగుతున్నట్టనిపించింది. యాభయ్యో నిమిషంలో నేను మనసులోనే కొబ్బరికాయ మొక్కుకున్నాను.

యాభై ఒకటో నిమిషంలో సందు మొదట్లో డప్పులు మోగాయి.

డీజే గారికి అవి వినపడలేదు, చెవుల నిండా పాట ఉంది. కానీ ఆయన కూర్చున్నది పరుపు పక్క సందుకి ఎదురుగా. ముందు చల్లుతున్న బొరుగులు కనపడ్డాయి, తర్వాత పూలు, తర్వాత పాడె. ఆయన ఎడమచెయ్యి మెల్లగా బయటికెళ్ళే చప్పుడుని పెంచి తగ్గించే మెయిన్ ఫేడర్ మీదకి వెళ్ళి దాన్ని అడుగుదాకా దించేసింది.

ఇది మీకు తెలియకపోవచ్చు. ఊరేగింపు లారీకి శవం ఎదురైనా, చావు జరిగిన ఇల్లు తగిలినా పాట ఆపాలి. ఎక్కడా రాసి లేదు. పెళ్ళికొడుకు కారు టాపు మీద ఎక్కి ఆడుతున్నా సరే, అది మలుపు తిరిగేదాకా ఆపాలి. ఆపనివాణ్ణి ఆ ఊరు మళ్ళీ పిలవదు. ముప్పై ఏళ్ళలో ఆ చెయ్యి ఎన్నిసార్లు దిగిందో. ఇప్పుడు తను లారీ మీద లేదని దానికెవరు చెప్పాలి?

నేను చెప్పాలి. నా మీటర్లు పడుకున్నాయి, నా చెవిలో ఏమీ లేదు. రెండడుగులు వేసి ఆయన భుజం తట్టాలి. కానీ నా చేతులు ఖాళీగా లేవు. రెండూ దణ్ణం పెట్టి ఉన్నాయి.

డప్పులు మలుపు తిరిగాయి. ఆ చెయ్యే మళ్ళీ మెల్లగా ఫేడర్ పైకి తెచ్చింది. దెబ్బ ఎక్కడుండాలో అక్కడే ఉంది. చిత్రమేమిటంటే, ఫేడర్ దించినా ఆయన హెడ్‌ఫోన్లో పాట ఆగదు. అందుకని ఆగినట్టే ఆయనకి తెలియదు. మిగతా పంతొమ్మిది నిమిషాలూ కళ్ళు మూసుకుని, ఇంకా బాగా వాయించారు.

అయ్యాక హెడ్‌ఫోన్ తీసి, పరీక్ష హాల్లోంచి బయటికొచ్చిన పిల్లాడిలా నవ్వుతూ, ఎలా వచ్చిందమ్మా అని అడిగారు. చెప్పాను. నమ్మలేదు. స్క్రీను చూపించాను. అలల మధ్యలో ఒకచోట చదునుగా ఒక గీత. ఒక నిమిషం పది సెకన్లు.

"నేనా?"

"మీరేనండి. ఎడమ చేత్తో."

కుర్చీలో కూలబడ్డారు. మళ్ళీ చెయ్యడానికి టైము లేదు, ఒంటిగంటకి కరెంటు పోతే మళ్ళీ రాత్రికే. ఈలోగా ఓనరు గారు వచ్చారు. విషయం విని, ఇదొక సమస్యేనా అన్నారు. నిజానికి కాదు. రెండు వైపులా అదే దెబ్బ. నాకు అర నిమిషం పని. సంతకం సంగతేంటని అడిగాను. ఆయన నా పక్కకి వచ్చి గొంతు తగ్గించారు.

"పాసవ్వకుండానే బి.ఏ. అని వేయించుకుంటున్నావుగా మేడం. దాని పక్కనే ఇదోటి."

డీజే గారి ఎడమ చెవి వైపు నిలబడి అన్నారు కాబట్టి ఆయనకి వినపడలేదనుకున్నాను. నాకు మాత్రం బాగా వినపడింది. డీజే గారు తల దించుకునే, తీసెయ్యమ్మా అన్నారు. నేను మౌస్ పట్టుకుని ఆ చదును గీతకి ఈ చివరా ఆ చివరా గుర్తు పెట్టాను. ఇక ఒక్క నొక్కు.

"ఆగమ్మా." ఆయన లేచి స్క్రీను దగ్గరికి వచ్చారు. "ఇది తీసేస్తే ఏమవుద్ది? ఎదురుగా శవం పోతుంటే నేను పాట ఆపలేదని అవుద్ది."

"బెంగుళూరోళ్ళకి శవం కనపడిందా ఏంటండీ?" అన్నారు ఓనరు గారు.

"నాకు కనపడిందిగా."

నేను గుర్తులు చెరిపేసి, ఫారం మీద సంతకం పెట్టి, ఫైలు పంపేశాను. బి.ఏ. మాత్రం చెరపలేదు. ధైర్యం అంతా ఆ నిమిషం మీదే ఖర్చయిపోయింది.

బెంగుళూరు నుంచి జవాబు వచ్చింది: ఫైలు పాడైంది, మళ్ళీ పంపండి. పంపాం. మళ్ళీ పాడైందన్నారు. మూడోసారి కూడా అదే నిమిషంలో పాడవడం వింతగా ఉందన్నారు. ఫోనులో డీజే గారికి సరిగ్గా వినపడదు, ఓనరు గారికి హఠాత్తుగా పనులు ఎక్కువయ్యాయి. ఇంగ్లీషులో ఉత్తరం రాసే భారం, ఇంగ్లీషు తప్పిన నా మీద పడింది. డిక్షనరీ పక్కన పెట్టుకుని ఒక పూట కూర్చుంటే ఐదు వాక్యాలు తేలాయి. మా సందులోకి చనిపోయిన మనిషి వచ్చారు, మా డీజే గారు ఆపారు, ఆ మనిషి వెళ్ళాక మొదలుపెట్టారు, ఏదీ కత్తిరించలేదు, దయచేసి బాగుచెయ్యకండి. ఇంత వరకే.

ఆ తర్వాత మూడు వారాలు ఉలుకూ పలుకూ లేదు. డీజే గారు రోజూ హనుమాన్ జంక్షన్ నుంచి బస్సులో వచ్చి, ఏం లేదా అమ్మా అని అడిగి, టీ తాగి వెళ్ళేవారు. అడిగేటప్పుడు కుడి చెవి నా వైపు తిప్పేవారు. ఒక్కో వారం ఇంకాస్త దగ్గరికి వంగేవారు.

ఒకరోజు పార్సిలు వచ్చింది. సీడీలు. ముందువైపు ఆయన పేరు, మా పటమట సందు లాంటి ఏదో సందు బొమ్మ. వెనక్కి తిప్పాను. నా ఉత్తరం. ఐదు వాక్యాలూ, ఉన్న తప్పులతో సహా, అక్షరం మార్చకుండా అచ్చేశారు. కింద నా పేరు. పేరు పక్కన బి.ఏ. అదే నెలలో నా ఇంగ్లీషు రిజల్టు వచ్చింది, రెండోసారి తప్పాను. అంటే నా ఇంగ్లీషు అచ్చయింది, నా బి.ఏ. అచ్చయింది, పాసవ్వడం ఒక్కటే మిగిలింది.

ఎక్కడో పెద్ద ఊళ్ళలో ఈ సంగీతం వినేవాళ్ళు ఆ నిశ్శబ్దం గురించి చాలా రాశారట. అందులో లోతైన అర్థాలున్నాయట. వెనక ఉత్తరం చదివి కూడా అలా రాశారు, దానికి నేనేం చెయ్యను. మా వైపు మాత్రం అది ఒక్కసారే జనం మధ్యలో మోగింది. డీజే గారు ఒప్పుకున్న చివరి పెళ్ళి, గుడివాడ దగ్గర. నన్నూ పిలిచారు. భోజనాల టైములో ఆల్బము వేశారు, ఎప్పట్లా ఎవరూ పట్టించుకోలేదు. యాభై ఒకటో నిమిషం వచ్చింది. వడ్డించేవాళ్ళు ఆగిపోయారు, ఇద్దరు జనరేటరు దగ్గరికి పరిగెత్తారు. పంక్తి చివర ఒక ముసలాయన నోటి దగ్గర ముద్ద దించి, పక్కాయన్ని మెల్లగా అడిగాడు.

"ఎవరు పోయారు?"

డీజే గారు నా వైపు చూశారు. అన్ని సమీక్షల కన్నా ఆ రెండు మాటలే ఆయనకి నచ్చాయి.

ఆ అట్ట నా బల్ల మీద ఉండగా మళ్ళీ పరీక్షకి చదవకుండా ఎలా ఉంటాను? మూడోసారికి పరీక్షలో ఉత్తరం రాయమన్న ప్రశ్న వచ్చింది. సరుకు ఎందుకు ఆలస్యమైందో కంపెనీకి వివరించాలి. నేను హాల్లోనే నవ్వాను, ఇన్విజిలేటరు గారు నా వైపు చూశారు.

రిజల్టు వచ్చిన మర్నాడే మార్కుల కాగితం, పూతరేకుల డబ్బా పట్టుకుని హనుమాన్ జంక్షన్ వెళ్ళాను. లారీ అమ్మేశారు. ఒక్క బాక్సు మాత్రం ముందుగదిలో ఉంచుకున్నారు. ఆయనకిప్పుడు బాగా దగ్గర నుంచి, చుట్టూ ఏ చప్పుడూ లేనప్పుడు మాట్లాడితేనే వినపడుతుంది. నేను వెళ్ళేసరికి ఆల్బము నడుస్తోంది. అరచెయ్యి బాక్సు మీద పెట్టుకుని, దెబ్బని అరచేత్తో వింటున్నారు. కాగితం చూపించి, పాసయ్యానండీ అన్నాను. నవ్వి, చెవి చూపించి, ఆగమన్నట్టు వేలెత్తారు. ఎందుకో అర్థం కాలేదు. కూర్చున్నాను.

కాసేపటికి ఆయన అరచెయ్యి బాక్సు మీద నుంచి లేచింది. పాట ఆగింది. గదిలో ఏ చప్పుడూ లేదు. ఆయన కుడి చెవి నా వైపు తిప్పి, ఇప్పుడు చెప్పమ్మా అన్నారు. నా దగ్గర ఒక నిమిషం పది సెకన్లున్నాయి.

"అట్ట మీద వేసేటప్పటికి నేను బి.ఏ. కాదండి. మీకు చెప్పలేదు."

"ఆ రోజే విన్నానమ్మా, మీ ఓనరు గారు అన్నప్పుడు. ఆ చెవి అప్పటికింకా పూర్తిగా పోలా."

"మరి కొట్టేయించలేదేంటండీ?"

ఆయన మార్కుల కాగితం తీసుకుని, ఇంగ్లీషు దగ్గర వేలు పెట్టి, నలభై ఒకటి అని పైకి చదివారు. కాగితం జాగ్రత్తగా మడిచి నా చేతికిచ్చారు.

"ఇప్పుడయ్యావుగా," అని, అరచెయ్యి మళ్ళీ బాక్సు మీద పెట్టారు. అప్పుడే దెబ్బ మొదలైంది.